వదిన గదిలో కొత్త కంప్యూటర్

సెప్టెంబర్ 7, సోమవారం

బట్టలు రెండు విడతలు. దుప్పట్లు నాలుగు ఎండలో వేసి, తీసి, మడిచాను. నీళ్ల ఫిల్టర్ కడిగాను. వంటగదిలో మూడో అర ఖాళీ చేసి కాగితం మార్చాను. వదిన గది కిటికీలు తుడిచాను. మిగిలినవి: హాల్లో ఫ్యాను, స్నానాలగది కొళాయి వాషరు. అనుకున్నవి ఏడు, అయినవి ఐదు.

సాయంత్రం వదిన ఫోను. మోకాలు బాగానే వంగుతోందట. ఆపరేషనయ్యాక తన పెద్ద తమ్ముడు, అంటే మా బావగారింట్లో ఉన్న ఆరు వారాలు చాలట. పదిహేనో తేదీకి వచ్చేస్తుందట. నర్సింగ్ స్కూలు వాళ్లు ఈ ఏడాది కూడా అరవై నాలుగు స్వెటర్లు తననే అల్లమన్నారు, కానీ బ్యాడ్జి మార్చారు. కొత్త బ్యాడ్జితో ఒక నమూనా స్వెటర్ ఇరవై ఒకటో తేదీ పొద్దున వార్డెన్ బల్ల మీద ఉండాలి. లేకపోతే ఫ్యాక్టరీకి ఇచ్చేస్తారు. వదినకు ఏడాదిలో పెద్ద పని అదొక్కటే. అది పోతే బావగారు ఊరుకోరు. ఆ అల్లిక మెషీన్ అమ్మేసి తమ దగ్గరే ఉండిపొమ్మని ఆరు వారాలుగా అక్కగారి చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నారట. ఒకరింట్లో కూర్చుని తినడం వదిన వల్ల కాదు. మా ఇంట్లో కూడా ఆవిడ తన గదిలో తన సంపాదన మీదే ఉంటుంది.

"నేనొచ్చేలోపు నా కంప్యూటర్ ఒకసారి ఆన్ చేసి పెట్టు. దాన్నుంచే కదా మెషీన్‌కి బొమ్మ వెళ్లాలి" అంది.

ఆన్ కావట్లేదన్నాను.

అది అబద్ధమేమీ కాదు. ఎక్కడున్నా ఆన్ అయి ఉండదు.

ఆగస్టు 22 పేజీలో రాసే ఉంది. పాత సామాన్ల బండికి: విరిగిన కుర్చీ, మంచం కోళ్లు, వదిన గదిలో పాత కంప్యూటర్. మొత్తం పదకొండు కిలోలు. ఏడాదిపాటు కదలని వస్తువు ఇంట్లో ఉండకూడదన్నది అందరూ ఒప్పుకున్న నియమం. నెలకోసారి దుమ్ము దులిపేటప్పుడు చూసి పుస్తకంలో టిక్కు పెడతాను. ఆ కంప్యూటర్ మీద నేను కుట్టిన కవరు పన్నెండు నెలల్లో ఒక్క మడత చెదరలేదు. పన్నెండు టిక్కులు. వదిన అల్లుతున్నప్పుడు నేను ఆ గదిలోకి వెళ్లను, ఉన్ని నూగుకు నాకు తుమ్ములు. మెషీన్ దానంతటది నడుస్తుందనుకున్నాను. నా స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

సెప్టెంబర్ 8

బట్టలు ఒక విడత. కొళాయి వాషరు వేశాను.

వదిన బీరువాలో అట్టపెట్టె దొరికింది. రెండు డిస్కులు. ఒకదాని మీద అల్లిక ప్రోగ్రామ్ పేరు, రెండోదాని మీద వదిన చేత్తో "నా బొమ్మలన్నీ". కాబట్టి పోయినదేమీ లేదు. పెట్టె పోయింది, సరుకు ఉంది.

ఆయన ఆఫీసులో కంప్యూటర్లు మార్చినప్పుడు తెచ్చుకున్నది హాల్లో ఉంది. చదరంగం ఆడటానికి తప్ప వాడరు. డిస్కు పెట్టి రెండుసార్లు నొక్కాను. ఈ ఫైలును దేనితో తెరవాలో తెలియదని వచ్చింది. ఆయన్ని అడిగితే, తన కంప్యూటర్‌లో ఉన్నది వేరే ఆపరేటింగ్ సిస్టమ్ అనీ, ఆఫీసువాళ్లు ఉచితంగా దొరికేది వేసి ఇచ్చారనీ, అక్క ప్రోగ్రామ్ దానికోసం రాసింది కాదనీ చెప్పి మళ్లీ గుర్రాన్ని ముందుకు జరిపారు. అక్క కంప్యూటర్ ఏమైందని అడగలేదు. ఇంట్లో గోడ మాయమైనా ఆయనకు భోజనానికి కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

సెప్టెంబర్ 9

రిపేరు షాపుకు వెళ్లాను. షాపాయన డిస్కును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, ఇది పదిహేనేళ్ల నాటిదన్నాడు. కొత్త కంప్యూటర్ కొన్నా, అదే కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నా ఇప్పటి రకంలో నడుస్తుందన్న నమ్మకం లేదట. అలాంటి పాత కంప్యూటర్ దొరుకుతుందా అంటే నవ్వాడు. "అవన్నీ పాత సామాన్లకి వేసేస్తున్నారమ్మా జనం, తెలివిలేక" అన్నాడు.

డిస్కు సంచిలో వేసుకున్నాను.

లేచి వస్తుంటే ఒక మాట చెప్పాడు. మా ఆయన కంప్యూటర్‌లో ఉన్న సిస్టమ్ మీద, ఆ పాత ప్రోగ్రాములను నడిపించే మధ్యవర్తి ప్రోగ్రామ్ ఒకటి ఉంటుందట, ఉచితమేనట. కానీ ఓపిక కావాలట, అన్నీ నడవవట, తను ఆ పని పెట్టుకోడట.

ఓపిక నా దగ్గర ఉంది. పేరు రాయించుకున్నాను.

సెప్టెంబర్ 10

బట్టలు లేవు. హాల్లో ఫ్యాను అయింది.

పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా చదివాను. మొదట్లో కళ్లు తిరిగాయి, తరవాత తేలికైపోయింది. సంగతి ఇంతే. వదిన ప్రోగ్రామ్ తన సొంత సిస్టమ్ భాషలో అడుగుతుంది: నాకు కిటికీ తెరువు, ఈ ఫైలు ఇవ్వు, ఆ తీగలోంచి ఈ అంకె పంపు అని. ఈ కంప్యూటర్‌కు ఆ భాష రాదు. మధ్యలో ఉన్నది దుబాసీ. అడిగినదాన్ని ఈ కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చి అడుగుతుంది, వచ్చిన జవాబును మళ్లీ అటు భాషలో చెబుతుంది. ప్రోగ్రామ్ తన పుట్టింట్లోనే ఉన్నాననుకుంటుంది.

ఇది నాకు కొత్త పనా? అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆవిడకూ ఆయనకూ మధ్య నేను చేసింది ఇదే. ఆవిడ "వాడికి కళ్లు నెత్తికెక్కాయి" అంటే, ఆయన దగ్గరికెళ్లి "అమ్మగారు మీకోసం ఎదురుచూస్తున్నారు" అనేదాన్ని. ఆయన "ఈవిడకి ఇంకేం పనిలేదా" అంటే, లోపలికెళ్లి "పనిలో ఉన్నారట, పదినిమిషాల్లో వస్తారట" అనేదాన్ని. ఇద్దరూ మారలేదు. ఇల్లు నడిచింది.

ఒక నోటు పుస్తకం విడిగా తీశాను. ఒకసారికి ఒక్కటే మార్చడం, మార్చింది రాయడం, ఫలితం రాయడం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. కూరలో ఉప్పూ కారం కలిపి పెంచి రుచి చెడిందంటే ఏం లాభం?

ఒకటో ప్రయత్నం: దుబాసీ ఎక్కింది. ప్రోగ్రామ్ ఎక్కలేదు.
రెండు: ఎక్కింది. తెరవగానే మూసుకుపోయింది.
మూడు: అదే.
నాలుగు: అదే.

సెప్టెంబర్ 11

తొమ్మిదో ప్రయత్నం దాకా అదే.

సెప్టెంబర్ 12, శనివారం

పదకొండో ప్రయత్నం. తెరుచుకుంది.

దుబాసీకి ఒక అమరిక ఉంది. అది ఏ కాలం నాటి సిస్టమ్‌లా నటించాలో మనం చెప్పవచ్చు. అప్పటిదాకా నేను కొత్తదానిలా ఉండనిచ్చాను. పదిహేనేళ్ల వెనక్కి పెట్టగానే ప్రోగ్రామ్ నిమ్మళంగా వచ్చి కూర్చుంది. వయసైనవాళ్లతో వాళ్ల కాలం మాటలే మాట్లాడాలి.

మెనూల్లో అక్షరాలు లేవు, అన్నీ చిన్నచిన్న గళ్లు. అక్షరాల ఫైళ్లు కావాలట. పన్నెండో ప్రయత్నంలో అవి కూడా తెచ్చి పెట్టాను. వదిన బొమ్మల డిస్కు తెరిచాను. పువ్వులు, పడవ, పిల్లలకు అల్లే కుందేలు. పాత బ్యాడ్జి దీపం బొమ్మ, చిన్న చిన్న గళ్లలో ఒక్కో గడికి ఒక్కో కుట్టు. ఇన్నేళ్లు ఆ గదిలో వదిన చేస్తున్నది ఇదని నాకు తెలియదు. స్వెటర్లు చూశాను కానీ దీన్ని చూడలేదు.

వదిన రాకముందే అంతా ఎలా ఉండేదో అలా ఉంటుంది. అప్పుడిక చెప్పడానికి ఏమీ ఉండదు.

సెప్టెంబర్ 13

కంప్యూటర్‌ను వదిన గదికి మార్చాం. ఆయన మోస్తూ, తన ఆట సగంలో ఉందన్నారు. ఆ గదిలోకొచ్చి ఆడుకోమన్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాను.

కేబుల్ పెట్టాను. మెషీన్ పలకలేదు. పదమూడు నుంచి పదహారు దాకా.

సెప్టెంబర్ 14

బట్టలు రెండు విడతలు. వంట తొందరగా ముగించాను.

పదిహేడో ప్రయత్నం. దోషం పేర్లలో ఉంది. ప్రోగ్రామ్ "ఒకటో పోర్టు" అని అడుగుతుంది. ఈ కంప్యూటర్ ఆ కేబుల్‌ను ఇంకేదో పొడుగు పేరుతో పిలుస్తుంది. ఆ రెండూ ఒకటేనని దుబాసీకి ఎవరూ చెప్పలేదు. ఆయన్ని బావగారు చిన్నోడా అంటారు, ఆఫీసులో సారు అంటారు. ఇద్దరూ ఒకరేనని కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఒక్క వరస రాసి చెప్పాను.

మెషీన్ మీద పచ్చ దీపం వెలిగింది. పైన ఉన్న పిడిని అటూ ఇటూ తోశాను. సూదులు కొన్ని ముందుకొచ్చాయి, కొన్ని ఆగిపోయాయి. ఇరవై వరసలకు కుందేలు చెవులు కనిపించాయి.

పది తుమ్ములు. లెక్కపెట్టాను.

సెప్టెంబర్ 15, మంగళవారం

వదిన పదకొండింటికి వచ్చింది. చేతికర్రతో నేరుగా తన గదిలోకి వెళ్లింది. నేను వెనకే.

తమ్ముడి కంప్యూటర్ ఇక్కడుందేమిటని అడిగింది. మీ ప్రోగ్రామ్ ఇందులో నడుస్తోందని చెప్పి చూపించాను. కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్కటీ నొక్కి చూసింది. అన్నీ ఆవిడ చెయ్యి అలవాటుగా వెళ్లే చోటే పెట్టాను. రంగు కొంచెం లేతగా ఉందంది, అంతే. ఎలా చేశావంటే నోటు పుస్తకం ఇచ్చాను. పదిహేడు ప్రయత్నాలూ చదివింది. "నాకోసం ఇంత పెట్టుకున్నావా, మరదలా" అని నా చెయ్యి పట్టుకుంది.

మెచ్చుకోలు తీసుకున్నాను. కష్టపడిన మాట నిజమే కదా.

తనది ఎక్కడుందని అడిగింది. రిపేరు షాపులో ఇచ్చానన్నాను.

సెప్టెంబర్ 16

బట్టలు ఒక విడత. వదిన కొత్త బ్యాడ్జి గీసింది. దీపం పక్కన ఆకుల కొమ్మ.

సెప్టెంబర్ 17

బ్యాడ్జి ముక్క అల్లి చూసింది. దీపం సన్నగా సాగిపోయింది. ఆయన చూసి గరిటె బాగుందన్నారు. వదిన నవ్వలేదు.

గీసిన బొమ్మ సరిగానే ఉంది. తప్పు అంకెల్లో ఉందని వదినే పట్టుకుంది. పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు వస్తాయో ప్రోగ్రామ్‌కు చెబితేనే అది బొమ్మను కొలత ప్రకారం పరుస్తుంది. ఒక్కో రకం ఉన్నికి ఒక్కో లెక్క. ఇన్నేళ్లలో కుదిర్చిన ఆ లెక్కలన్నీ ఆవిడ పాత కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి, బొమ్మల డిస్కులోకి రాలేదు. ఇక్కడ ప్రోగ్రామ్ తనకు పుట్టుకతో వచ్చిన అంకెలు వాడుతోంది.

"ఆన్ కాకపోయినా పర్లేదు, లోపలి డిస్కు తీస్తే దొరుకుతాయి. రేపు షాపాయన్ని అడుగు. అవి లేకపోతే మళ్లీ మొదట్నుంచి ముక్కలు అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలవాలి. రెండు రోజులు అదే సరిపోతుంది" అంది.

సోమవారానికి మధ్యలో మూడు రోజులు. అడుగుతానన్నాను.

సెప్టెంబర్ 18, శుక్రవారం

పొద్దున పాత సామాన్ల గోదాముకు వెళ్లాను. బస్సు రెండు మారాలి. రేకుల షెడ్డు, తక్కెడ పక్కన స్టూలు మీద ఒక ఆవిడ. తేదీ చెప్పాను, సామాను చెప్పాను, బరువు చెప్పాను. ఇంత వివరంగా ఎవరూ అడగరంది. తీసుకెళ్లి చూపించింది. రేకు పెట్టెలు ఒక కుప్ప, తీగలు ఒక కుప్ప, పచ్చ పలకలు ఒక కుప్ప. డిస్కులు విరగ్గొట్టి గోనెసంచిలో వేస్తారట, ఆగస్టువి ఎప్పుడో వెళ్లిపోయాయట. మా రేకు పెట్టె దొరికింది. మూత లేదు, లోపల ఏమీ లేదు. పక్కన నేను అంటించిన కాగితం ముక్క ఇంకా ఉంది, గది పేరుతో.

బస్సులో కూర్చుని ఏం చెప్పాలో చూసుకున్నాను. షాపాయన డిస్కు కూడా పోయిందన్నాడని చెప్పవచ్చు. అప్పుడు వదిన ఇంకో షాపు చూద్దామంటుంది. రేపు అక్కడికి, ఎల్లుండి ఇంకోచోటికి తిప్పుతాను. ఆదివారం వస్తుంది. ఉన్ని ఆరడానికి కావలసిన ఒక్క పూట కూడా మిగలదు. నేను దాచుకున్న మాటకు ఆవిడ పని పోతుంది.

ఇంటికొచ్చేసరికి వదిన మెషీన్ ముందు ఉంది.

"వదినా, మీ కంప్యూటర్ షాపులో లేదు. పాడవ్వలేదు కూడా. ఆగస్టులో నేనే పాత సామాన్ల బండికి వేసేశాను."

చేతిలో ఉన్న కండె కింద పెట్టింది.

"ఎందుకు?"

"ఏడాదిగా కవరు కదల్లేదని."

"కదిలితే నువ్వు ఊరుకుంటావా? మడత చెదిరితే రోజంతా ముఖం ముడుచుకు తిరుగుతావని, పని అవ్వగానే స్కేలు పెట్టి మరీ సర్దేదాన్ని. ఈ మోకాలితో వంగి."

ఆ కండె దొర్లిపోతుంటే పట్టుకుని నిలబెట్టాను.

"ఎన్ని కిలోలు తూగింది?"

"పదకొండు. కుర్చీతో కలిపి."

"రాసే ఉంటావులే."

ఆ తరవాత గంటసేపు వంటగదిలోనే ఉన్నాను. నేను బట్టలు మడిచాను. మడిచినవే విప్పి మళ్లీ మడిచాను. చివరికి ఆవిడే వంటగది గుమ్మంలోకి వచ్చింది. ఆ రోజు ఆన్ కావట్లేదని నేనన్నప్పుడు ఫోను స్పీకర్‌లో ఉందట. బావగారు విన్నారు. అప్పట్నుంచి, అక్క మోకాలూ పాతబడింది, కంప్యూటరూ పాతబడింది, రెండూ మొరాయించాయి, ఇంక చాలించమను అని ఒకటే పాట. మెషీన్ కొనేవాళ్లను కూడా చూశారట.

"స్వెటర్ సంగతి నేను చూసుకుంటా. పెద్దోడికి మాత్రం నువ్వే చెప్పాలి, ఏం జరిగిందో జరిగినట్టు. నువ్వు నాకు బాకీ ఉన్నది అదొక్కటే" అంది.

చెబుతానన్నాను. ఎప్పుడో అనలేదు.

సెప్టెంబర్ 19

బట్టలు లేవు, ఫ్యాన్లు లేవు. రోజంతా నమూనా ముక్కలు.

నలభై కుట్లు, అరవై వరసలు, ఒక్కో ముక్క. బిగువు మూడు రకాలుగా పెట్టి, ఒక్కోదానికి రెండేసి, ఆరు ముక్కలు. వదిన అల్లింది. నేను చీటీలు కట్టి, గోరువెచ్చని నీళ్లలో ఉతికి, తువ్వాలులో చుట్టి నీళ్లు లాగేసి, బల్ల మీద పరిచి ఫ్యాను పెట్టాను. తడిగా ఉన్నప్పుడే కొలుద్దామని నేనంటే వదిన ఒప్పుకోలేదు. "ఉతికి ఆరితేనే ఉన్ని నిజం చెబుతుంది" అంది. చెబుతూ నా వైపు చూసింది. చూడనీ.

సాయంత్రానికి ఆరాయి. కొలతలు నేను తీశాను, మూడేసి చోట్ల. రెండో బిగువు బాగుంది. పది సెంటీమీటర్లకు ముప్పై కుట్లు, ముప్పైనాలుగు వరసలు. ప్రోగ్రామ్ అనుకున్నది ఇరవై ఎనిమిది, నలభై. అందుకే గరిటె వచ్చింది. అంకెలు మార్చాం. దీపం దీపంలా వచ్చింది.

ఆ అంకెలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి: ప్రోగ్రామ్‌లో, డిస్కులో, నా పుస్తకంలో. అడిగితే తప్ప వదిన వస్తువు దేన్నీ ముట్టుకోనని కూడా అదే పేజీలో రాశాను.

సెప్టెంబర్ 20

స్వెటర్ ముందు భాగం, వెనక భాగం, చేతులు రెండు. మధ్యలో ఒకసారి ప్రోగ్రామ్ బిగుసుకుపోయింది. వదిన కంగారుపడింది. నేను పడలేదు, నోటు పుస్తకంలో పదిహేనో ప్రయత్నం దగ్గర ఉంది ఏం చేయాలో. మూసి తెరిస్తే ఆగిన వరస నుంచే అందుకుంది. కుట్లు కలపడం వదిన చేత్తో చేసింది. ఆయన గదిలోకొచ్చి, చదరంగం ఎప్పుడని అడిగారు. అక్కగారు చూసిన చూపుకు వెనక్కి వెళ్లిపోయారు.

బావగారికి ఫోను చేయలేదు. ఆదివారం కదా, భోజనాలయ్యాక పడుకుంటారు.

సెప్టెంబర్ 21, సోమవారం

బట్టలు మూడు విడతలు, శనివారానివి కూడా కలిపి. పాలు, కూరగాయలు.

తొమ్మిదింటికి వదినతో నర్సింగ్ స్కూలుకు వెళ్లాను. వార్డెన్ స్వెటర్‌ను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి లోపలి వైపు తిప్పి చూసింది, బ్యాడ్జి మీద స్కేలు పెట్టింది. ఫ్యాక్టరీవాళ్ల నమూనా కూడా బల్ల మీదే ఉంది, దాని దీపం కొంచెం పక్కకు వాలింది. అరవై నాలుగూ రాసుకోమంది. వదిన తలూపింది, అంతే. బయటికొచ్చాక మెట్ల దగ్గర కర్ర నాకిచ్చి, కమ్మీ పట్టుకుని తనే దిగింది.

దారిలో బాకీ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఫోను తీశాను. బావగారికి నా మీద చాలా గురి. ఇరవై ఏళ్లుగా నా లెక్కల పుస్తకం చూపించి మా తోటికోడల్ని సాధిస్తుంటారు. ఏం జరిగిందో జరిగినట్టు చెప్పాను. కంప్యూటర్ పాడవలేదనీ, నేనే చూసుకోకుండా పారేశాననీ, ఆన్ కావట్లేదని ఆ రోజు చెప్పింది తప్పనీ, షాపులో ఉందని తరవాత చెప్పింది కూడా తప్పేననీ. పని వదినకే వచ్చిందనీ, మెషీన్ కొనడానికి ఎవరినీ పంపవద్దనీ.



"నువ్వా అమ్మా?" అన్నారు బావగారు.

"నేనేనండి."

అవతల ఎవరో ఫోను లాక్కున్నారు. మా తోటికోడలు. నవ్వు ఆపుకోలేకపోతోంది. మళ్లీ మొదట్నుంచి చెప్పమంది, టిక్కులతో సహా. బావగారికి వినపడేలా స్పీకర్ పెట్టింది. చెప్పాను. కిలోలు కూడా చెప్పాను.

వెనక్కి తిరిగితే వదిన తన గది గుమ్మంలో నిలబడి వింటోంది. లోపలికి వెళ్లింది. కాసేపటికి మెషీన్ చప్పుడు మొదలైంది.

వదినకు ఇవ్వవలసింది: ఒకటి. ఇచ్చేశాను. తీరింది.